టైపు అత్త మణికట్టు

ఆఫీసుల వీధిలో అర్జీ రాయించుకోవాలంటే అందరూ టైపు అత్త దగ్గరికే వస్తారు. ముప్పై ఏళ్లుగా ఆమెది అదే కొట్టు, కిటికీ పక్కన అదే బల్ల. మీటల వంక చూడకుండా టైపు చేస్తుంది, ఎదుటివాళ్లని చూస్తూ కబుర్లు చెబుతుంది. వేగంలో ఆమె ముందు ఎవరి ఆటలూ సాగవు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

ఆమె పని నేర్చుకున్నది పాత టైపు మిషన్ మీద. దాని మీటలు మెట్లలా ఉండేవి, గట్టిగా కొడితేగాని అక్షరం పడేది కాదు. కంప్యూటర్ వచ్చాక చదునుగా ఉన్న కీబోర్డు ఆమెకి నచ్చలేదు. వడ్రంగి చేత ఏటవాలుగా ఓ చెక్క కోయించి దాని కింద పెట్టుకుంది. మణికట్లు బల్ల అంచుకి ఆనించి, పాత మిషన్ని బాదినట్టే దాన్నీ బాదేది. కోడలు కొట్టులో పనికి కూర్చున్నప్పుడు అలాంటిదే ఇంకో చెక్క కోయించి, ఆ పిల్లకీ అలాగే నేర్పింది.

ఈ ఏడు కుడి మణికట్టు మొండికేసింది. మొదట నొప్పి, తర్వాత బొటనవేలికీ పక్క రెండు వేళ్లకీ తిమ్మిరి. గుడ్డ చుట్టుకుని పని లాగించింది. ఓ పొద్దున నీళ్ల గ్లాసు చేతిలోంచి జారిపడ్డాక గానీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు.

"ఎలా కూర్చుంటారో ఓసారి చూపించండి" అంది డాక్టరమ్మ. అత్త డాక్టరమ్మ బల్ల మీదే చేతులు పెట్టి చూపించింది, కీబోర్డు కింది చెక్క సంగతీ ముప్పై ఏళ్ల అలవాటు సంగతీ చెప్పింది.

"ఇలా వెనక్కి విరిచి ముప్పై ఏళ్లా? లోపల నరం నలిగిపోతోందండీ. మోచేతి నుంచి చెయ్యి తిన్నగా ఉండాలి. ఆ చెక్క తీసెయ్యండి, మెల్లగా నొక్కండి, అరగంటకోసారి ఆపండి. ఆరు వారాల్లో తగ్గకపోతే ఆపరేషనే."

తనకే టైపు నేర్పుతోందా అని అత్తకి ఒళ్లు మండింది. కానీ ఇంటికెళ్లే దారంతా భయమే. ఆ చెయ్యి పోతే తనకంటూ ఇంకేం మిగులుతుంది?

మర్నాడు చెక్క తీసేసింది. మోచేతులు బల్ల ఎత్తుకి వచ్చేలా కుర్చీలో దిండు వేసుకుంది. మొదటి అర్జీలోనే పదిహేడు తప్పులు. "ఏంటత్తా, ఇవాళే పని నేర్చుకుంటున్నట్టున్నావ్?" అని వకీలుగారి గుమాస్తా నవ్వాడు. "అవును నాయనా, ఇవాళే మొదలు. తొందరైతే ఎదురు కొట్టుకెళ్లు" అంది తలెత్తకుండా. అరగంట కాగానే సగం వాక్యంలో ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకునేది. అలా ఊరికే కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైంది. అయినా పళ్ల బిగువున కూర్చుంది. కోడలి చెక్క జోలికి మాత్రం పోలేదు. ఒక్కరైనా వేగంగా చెయ్యకపోతే కొట్టు నడవదనుకుంది.

నాలుగో వారానికి తిమ్మిరి తగ్గుముఖం పట్టింది. ఓ మధ్యాహ్నం చేతులు ఆపుకుని కూర్చున్నప్పుడు పక్క బల్ల వైపు చూపు పోయింది. కోడలు బల్ల కింద చెయ్యి దాచుకుని విదిలించుకుంటోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలైందత్తయ్యా. మీరే ఓర్చుకుని చేస్తుంటే నేనెలా చెప్పను?"

ఎవరి ముందూ తప్పు ఒప్పుకుని ఎరగని మనిషి లేచి వెళ్లి, కోడలి కీబోర్డు ఎత్తి చెక్క లాగేసింది.

"పని నేర్పింది నేనే, ఈ నొప్పి నేర్పిందీ నేనే. లే, కూర్చోవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్పుతాను."