రెండు పడవల మధ్య నీళ్లు

ఉయ్యూరు రోడ్డు మీద చెరకు లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా నా స్కూటీ దానివైపు లాగుతుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటాను. మా మేనత్త గుర్తొస్తుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె ఒళ్లో కూర్చుని కృష్ణ దాటుతున్నాను. మా పడవవాడూ పక్క పడవవాడూ పందెం వేసుకుని ఇంజన్లు పెంచారు. పక్కపక్కనే పోతున్న పడవలు, ఎవరూ తిప్పకుండానే దగ్గరకు జరిగి ఢీకొన్నాయి.

"మొగుడు పోయినదాన్ని ముందు ఎక్కించారు. ఇంకేమవుద్ది?" అంది ఒకావిడ.

అందరూ మేనత్తను చూశారు. నేను భయపడి ఆమె ఒళ్లోంచి లేచి అమ్మ దగ్గరకు వెళ్లిపోయాను.

కాలేజీలో నీటి ప్రవాహం, ఒత్తిడి గురించి పాఠం విన్న రోజే ఆమె దగ్గరకు పరుగెత్తాను. "అత్తయ్యా, పడవల మధ్య ఇరుకులో నీళ్లు జోరుగా పోతాయి, అక్కడ ఒత్తిడి తగ్గుద్ది. బయటి నీళ్లే వాటిని కలిపి నెట్టాయి. నీ తప్పేం లేదు!"

ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. "నా తప్పు కాదని నాకు ఆ రోజే తెలుసే. నువ్వెందుకు లేచెళ్లావో చెప్పు."

మూఢనమ్మకాల మీద ఇన్నేళ్లుగా సభల్లో గొంతు చించుకుంటున్నాను. 'భయమేసింది అత్తయ్యా' అన్న రెండు మాటలు మాత్రం ఆమె బతికుండగా అనలేకపోయాను.