ఎల్లారెడ్డి ఈతవనంలో ఈస్ట్ వేట

మా అక్క కూతురు చిన్నికి తొమ్మిదేళ్లు. కండరాలకు చాలినంత శక్తి తయారు కాక నాలుగు మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి. మనిషి కణంలోనూ ఈస్ట్ కణంలోనూ ఆ శక్తి తయారయ్యే పద్ధతి ఇంచుమించు ఒకటే. అందుకే హైదరాబాద్‌లోని మా ల్యాబులో, చిన్నిలో చెడిన జన్యువునే ఈస్ట్‌లోనూ చెడగొట్టి, దాన్ని బతికించే దారి వెతుకుతున్నాం. రెండేళ్లుగా ఆ ఈస్ట్ చచ్చిపోతూనే ఉంది. ఎండల్లో పులిసే ఈతకల్లులోని మొండి ఈస్ట్ అయినా తట్టుకుంటుందేమోనని, ఆఖరి ఆశగా కామారెడ్డి అవతలి ఎల్లారెడ్డికి బయల్దేరాను.

పొద్దున ఐదింటికి జూబ్లీ బస్టాండులో ఎక్కితే ఏడున్నరకు కామారెడ్డి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్. అక్కడ ఇడ్లీ తిని ఎల్లారెడ్డి బస్సెక్కాను, ఇంకో గంట పైనే పట్టింది. నా ఒళ్లో ఐసు డబ్బా చూసి కండక్టరమ్మ, "ఏందక్కా, చేపలా?" అంది. "ఇంకా ఖాళీదే" అన్నాను. "నింపుకొస్తే నాకింత పెట్టు మరి" అని నవ్వింది.

ఆటోకు నూట యాభై ఇచ్చి ఈతవనం చేరేసరికి, నేను ముందే ఫోన్ చేసి పెట్టిన గీత కార్మికుడు మల్లేశన్న లొట్టి, అంటే కల్లుకుండ, దించి ఎదురుచూస్తున్నాడు.

"శుభ్రంగ గావాలంటిరి గద మేడం! కొత్త లొట్టికి సున్నం పూసి కట్టిన. తాగి చూడున్రి, చక్కెర లెక్కుంటది."

సున్నం పూస్తే కల్లు పులవదు. పులవలేదంటే నాక్కావలసిన ఈస్ట్ పెరగనట్టే. ఫోనులో "శుభ్రంగా" అన్న నా నోటిని నేనే తిట్టుకున్నాను. సంగతి చెప్పాను.

"పులిసేటిదే గావాల్నా? గది ముందే చెప్పొద్దా!" అంటూ మల్లేశన్న నడుముకు మోకుతాడు బిగించి మళ్లీ చెట్టెక్కాడు. రోజూ కట్టే పాత లొట్టి దించి అడుగున మడ్డి చూపించాడు. "దీన్ని మొత్తం కడగం మేడం. కొత్త లొట్టి కట్టినా పాతదాంట్లకెల్లి ఇంత మడ్డి ఏస్తం. మా బాపు కాలం సంది నడుస్తున్నది."

మూడు గొట్టాల నిండా వాళ్ల నాన్ననాటి ఆ మడ్డి తెచ్చుకున్నాను. అందులోని ఈస్ట్‌ను వేరుచేసి, అదే జన్యువును చెడగొట్టాం. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం ఈస్ట్ పెంచే పళ్లెం మూత తీస్తే లోపలంతా తెల్లటి చుక్కలు. బతికింది! ల్యాబులో గంతులేశాను. మల్లేశన్నకు ఫోన్ చేస్తే, "మా బాపు గంత మొండోడు మరి" అన్నాడు.

చిన్నికి ఇది మందు కాదు, మందుకు ఇంకా చాలా దూరం. కానీ ఆ జన్యువు చెడినా బతికే దారి ఒకటుందని మొదటిసారి కళ్లారా చూశాం. అక్కకు చెబుతూ ఏడ్చేశాను, తనూ ఏడ్చింది. మీరూ ఇలాంటి పనిమీద వెళ్తే ఎండ ముదిరేలోపు వనానికి చేరండి, దేనికోసం వస్తున్నారో ముందే చెప్పండి. శుభ్రం గురించి మాత్రం నాలాగా పాఠాలు చెప్పకండి.