ఒక్కరికే చెప్పే మనిషి

మొన్న మంగళవారం పొద్దున పక్కింటివాళ్లకు ఫోన్ వచ్చింది. పర్ణశాల వైపు నుంచి మా నర్సమ్మ కూతురు చేసింది. "అమ్మ పోయింది టీచరమ్మా" అని రెండుసార్లు చెప్పి పెట్టేసింది. ఎలా పోయిందని నేను అడగనే లేదు.

ఎనభైల మొదట్లో అడవి అంచున ఉన్న ఆ ఊరి బడికి నేను కొత్త టీచరుగా వెళ్లినప్పుడు, నేనూ నర్సమ్మా ఒకే ఇంట్లో చెరో వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాకంటే పదేళ్లు పెద్దది. చుట్టూ ఉన్న గూడేలన్నిటికీ ఆమె ఒక్కతే నర్సు. కుచ్చిళ్లు ఎగదోపి, మందుల డబ్బా భుజానికి తగిలించుకుని, ఎవరో తరుముతున్నట్టు నడిచేది. నేనేమో గడప దాటకముందే గొడుగు గురించీ టార్చి గురించీ దిగులుపడే రకం. "నీ గుబులుకు జీతమిస్తె ఊళ్లె నువ్వే షావుకారివి టీచరమ్మా" అని నవ్వేది.

ఆమెకొక అలవాటు ఉండేది. ఏదైనా చేయాలనుకుంటే ఒక్క మనిషికే చెప్పేది. "పదిమందికి చెప్తె చేసినట్టే అనిపిస్తది. ఒక్కలకు చెప్పాలె. వాళ్లు ఇడువకుండ అడుగాలె" అనేది. సంత జరిగే గురువారం నాడు అడగాలి, అది లెక్క. నేను ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసయ్యానంటే ప్రతి గురువారం ఆమె అడిగినందుకే. ఆమెను అడిగే పని నామీద పడింది మాత్రం ఊరి పక్క వాగు విషయంలో.

ఒక ఏడాది వానాకాలంలో వాగు అవతలి గూడెంలో ఒక తొలిచూలు పిల్ల కాన్పు కష్టమై చనిపోయింది. వాగు పొంగి, నర్సమ్మ ఇవతలి ఒడ్డునే డబ్బా పట్టుకుని ఉండిపోయింది. ఆమెకు ఈత రాదు, పైగా నీళ్లంటే చచ్చేంత భయం. "మళ్ల వానలు వచ్చేటాలకు ఈ వాగు ఈదాలె. నీకే చెప్తున్న" అంది ఒకరోజు.

"ఈ వయసులో ఈత నేర్చుకుంటావా అక్కా?" అన్నాను.

"ఈత నేర్చుకుంట అంటె ఎన్నటికీ నేర్వ. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక మోకాటిలోతు నీళ్లల్ల నిలబడి వంద లెక్కపెడత. గిట్ల అనుకోవాలె."

మోకాటిలోతు అయింది, నడుములోతు అయింది. గూడెం ఆడవాళ్లు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి నేర్పారు. రెండు వారాలు మాత్రం నీళ్లలో అడుగు పెట్టలేకపోయింది. ఆ రెండు గురువారాలూ నేను అడిగితే, "దిగలే. భయమైంది" అని తలవంచుకుని చెప్పింది. నాతో ఒక్కసారీ అబద్ధమాడలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం గూడెం నుంచి ఒకతను వాగు ఈదుకుంటూ వచ్చాడు. తన భార్యకు నొప్పులు మొదలయ్యాయట. నర్సమ్మ వెనకాలే నేనూ ఒడ్డుకు పరుగెత్తాను. ఎర్రనీళ్లు ఒడ్డును కోసుకుంటూ పోతున్నాయి. ఆమె నావైపు తిరిగి, "అడుగవేంది?" అంది.

"వద్దక్కా."

"వద్దనుడు నీ పని కాదు. అడుగు."

"ఈత ఏమైంది?" అని ఏడుస్తూనే అడిగాను.

"జూద్దాం పా" అంటూ బుర్రలు కట్టుకుంది. అతను డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు దిగాడు. సగం దూరంలో నీళ్లు ఆమెను లాక్కుపోయాయి. తల కనిపించలేదు. నేనే అడిగి పంపాను, నేనే చంపాను అనుకున్నాను. చాలా దిగువన, అవతలి ఒడ్డున ఒక తుప్ప పట్టుకుని లేచింది. తల్లీ బిడ్డా బతికారు. ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆమెను ఏదైనా అడగాలంటే భయం పట్టుకుంది.

తర్వాత నాకు ఖమ్మం బదిలీ అయింది. పోయినేడు దసరా సెలవుల్లో నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, నా చేయి తీసుకుని రొమ్ము పక్కన పెట్టుకుంది. వేళ్లకు గడ్డ తగిలింది.

"క్రిస్మస్ లోపల పెద్ద దవాఖానాల చూపించుకుంట. నీకే చెప్తున్న. అడుగు."

"రేపే పోదాం అక్కా" అన్నాను.

"క్రిస్మస్ లోపల అన్న గద" అంది. ఆమె నర్సు. అదేమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసినందుకే భయపడుతోంది.

ఆ తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. మామిడి పూత గురించి అడిగాను, కూతురి పరీక్షల గురించి అడిగాను. ఆ ఒక్కటి అడగలేదు. ప్రతిసారీ చివర కాస్త చోటు వదిలి, రేపు రాద్దామనుకుని, చివరికి అలాగే కవరు అంటించి పోస్టు డబ్బాలో వేశాను. ఏం జవాబు వస్తుందోనని భయం. ఆమె కూడా తనంతట తాను ఎత్తలేదు. క్రిస్మస్ వెళ్లిపోయింది.

మొన్న ఫోన్ రాగానే బయల్దేరి వెళ్లాను. ఖననం అయ్యాక సమాధుల దొడ్డి నుంచి వచ్చి వాళ్లింటి అరుగు మీద కూర్చుంటే, కూతురు టీ తెచ్చింది.

"దవాఖానాకు పోవాలని అమ్మ ఎన్నడన్న అన్నదా టీచరమ్మా? మాకెవ్వరికీ చెప్పలే. ముదిరినంకనే తెలిసింది."

"నాకు చెప్పింది" అన్నాను. "అడగమని కూడా చెప్పింది బిడ్డా. నేనే అడగలేదు."

ఆ పిల్ల నా వేళ్లు కాలకుండా తన కొంగు మడతపెట్టి గ్లాసుకు చుట్టి, నా చేతిలో పెట్టి, కొంగు అలాగే ఉంచి నా పక్కన కూర్చుంది. ఇంకేమీ అడగలేదు.