రెండు దీపాల మాట

ఒక సంగతి ఏండ్ల సంది నా రొమ్ము మీద బరువు లెక్క కూసుంది. బస్సు కింద పండుకొని నట్లు బిగిస్తున్నప్పుడు ఉంటది. పెండ్లిల్ల నలుగురితోటి కూసోని బువ్వ తింటున్నప్పుడు గూడ ఉంటది. దోస్తులకు చెప్పలే, గుళ్లె దేవునికి చెప్పలే, పక్కల పండుకునే మనిషికి అస్సలు చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గందుకే కావచ్చు, మీకు చెప్పబుద్ధయితుంది. పేర్లు మార్చిన. మిగతదంత జరిగినట్లే రాస్తున్న.

మాది పట్నంల జహనుమా. నేను డిపోల బస్సుల మెకానిక్. నా భార్య సుజాత, ఆమె తల్లిగారిల్లు సైదాబాద్‌ల. ఆమెకు ఒక్కడే తమ్ముడు, శీను. ఏసీలు రిపేర్ చేస్తుండె. ఎండకాలం మనిషి దొరకకపోతుండె గని, జెర పుర్సత్ దొరికితే మా ఇంటికే ఉరికొస్తుండె. నా పిల్లలిద్దర్ని స్కూటర్ ఎక్కించుకొని, "బావా, నీ పిల్లల్ని ఎత్కపోతున్న, పోలీసులకు చెప్పుకో!" అని గల్లీ అంత ఇనబడేటట్లు మొత్తుకుంట పోతుండె. అసుంటి పోరడు. సంబంధాలు చూస్తున్న యాల్లనే కాళ్లు వాసినయి, మొకం ఉబ్బింది. దవాఖానకు తీస్కపోతే రెండు కిడ్నీలు పోయినయన్నరు.

డయాలసిస్ మొదలైంది. ఇంట్లోళ్లు ఎవరన్న ఒక కిడ్నీ ఇస్తే పోరడు బతుకుతడని డాక్టర్ చెప్పిండు. మా మామ ఎన్నడో పోయిండు. అత్తమ్మ నిలబడ్డ తాన్నే "నాది తీస్కోండ్రి సార్" అన్నది. సుజాత అడ్డం పడ్డది. "నీకు బీపీ ఉంది, వయసైంది. నేనిస్త" అన్నది. రక్తం చూసిండ్రు, కలిసింది. ఇంక స్కానింగులు, వేరే పరీక్షలు మిగిలినయి. ఆ దినం వరండల తల్లి, బిడ్డ, కొడుకు ఒకలనొకలు పట్టుకొని సంతోషానికి ఏడ్చిండ్రు. నేను గూడ ఏడ్చిన. నాది సంతోషం కాదు.

నాకు భయమైంది. మా అమ్మ నా చిన్నప్పుడు ఆపరేషన్‌కని లోపలికి పోయింది. మళ్ల రాలే. తలుపు తెరుసుకున్నప్పుడల్ల నేను లేచి నిలబడ్డది నాకింక యాదికుంది. సుజాతను గూడ గట్లనే లోపలికి తీస్కపోతరు, నేను గట్లనే బయట లేస్త, కూసుంట. ఇదే కండ్లల్ల తిరుగుతుండె. భయం నిజమే. కని భయమొక్కటేనా? ఇప్పుడు తవ్వి చూసుకుంటే దాని కింద ఇంకేదో ఉంది. ఆమె మంచాన పడితే ఇల్లు ఎవరు చూస్తరు, పిల్లలకు ఎవరు వండిపెడ్తరు, నా బతుకు ఏం కావాలె అన్నది గూడ ఉంది. ఏది ఎంత ఉండెనో నాకు తెల్వదు. మా అమ్మ చావును అడ్డం పెట్టుకొని నా సుఖం చూసుకున్ననా? అడుగుతనే ఉంట.

"ఒద్దు" అని సుజాతతోటి నేను అనొచ్చు. మొగోన్ని, అడ్డుపడితే ఆగుతుండెనేమో. అంటే జీవితమంత ఆమె కండ్లల్ల నేను తమ్మున్ని చంపినోన్నయిత. గా మాట నా నోట్లకెళ్లి రావొద్దు. ఇంకొకల నోట్లకెళ్లి రావాలె.

పురానాపూల్ కాడ ఒక అవ్వ ఉండె. బియ్యం చూసి చెప్తది. చాటల పసుపు బియ్యం పోసి, మనం కొన్ని గింజలు తీసి పక్కకు పెడితే, వాటిని ఏలుతోటి అటు ఇటు జరుపుకుంట మాట్లాడ్తది. సుజాతకు ఆమె మీద మస్తు నమ్మకం. పెండ్లి కాకముందు "నీ మొగని చేతులు నల్లగుంటయి, మనసు కాదు" అని చెప్పిందంట. నాది గ్రీసు పని. గది చాలు సుజాతకు. ఇంట్ల ఏ పెద్ద పనికైన ముందు అవ్వ తానికి పోవాలె. శీను సంగతి గూడ ఆదివారం పోయి అడుగుత అన్నది.

నేను శుక్కురారం పోయిన. డ్యూటీ దిగి సీదా పోయిన, చేతులు గూడ మంచిగ కడుక్కోలే.

పగటీలి యాల్ల. ఎవ్వరు లేరు. అవ్వ అరుగు మీద కూసోని మునక్కాయలు కోస్తుంది. సుజాత మొగున్నని చెప్పిన. సంగతంత చెప్పిన.

"చాట తేవాల్నా?" అన్నది.

"ఒద్దవ్వా. అడగనీకి రాలే. చెప్పనీకి వచ్చిన."

కత్తిపీట ఆపింది. "ఏం చెప్తవ్?"

"ఆదివారం మా ఇంటిది వస్తది. ఇయ్యొద్దని చెప్పు. ఇంట్ల రెండు దీపాలున్నయి అవ్వా, ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఎప్పుడు జెరమే. తల్లికి ఏమన్న అయితే గవి ఆరిపోతయి."

"ఆమెకు ఇయ్యాలని ఉందా?"

అప్పుడు నేను అబద్ధమాడిన. "లేదు. తల్లి కోసం ఒప్పుకుంది. లోపల మస్తు భయపడుతుంది. నోరు తెరిచి ఒద్దనుడు రాక ఏడుస్తుంది."

అవ్వ నా మొకం చూడలే. నా చేతులు చూసింది. చానసేపు చూసింది.

"ఒకలు చెప్పింది నేను చెప్పను కొడుకా" అన్నది. "నోటికి ఏది వస్తె అది చెప్త. పో."

తొవ్వల కొన్న కొబ్బరికాయ, చీర ముందల పెట్టిన. అవ్వ ముట్టుకోలే. తిరిగి తెచ్చుకున్న.

ఆదివారం ఇద్దరం పోయినం. అవ్వ నన్ను ఎన్నడు చూడనట్లే ఉంది. సుజాత గింజలు తీసి పెట్టింది. అవ్వ వాటిని జరుపుకుంట, జరుపుకుంట ఆగిపోయింది. తర్వాత మెల్లగ అన్నది: "రెండు దీపాలల్ల ఒకటి కొడిగట్టింది బిడ్డా. ఉన్నదాన్ని తీసి ఇంకొకలింట్ల పెట్టకు."

నా మాటనే గది! దీపాలన్నది నేనే. కని నేను అన్నది వేరే, ఆమె అన్నది వేరే. ఒకటి కొడిగట్టిందని నేను చెప్పలే.

సుజాత చిన్న బిడ్డ అనుకున్నది. ఇంటికి రాంగనే దాన్ని ఎత్తుకొని వంటింట్ల కూసుంది. ఆ దినం సంది ఆమె "ఇయ్య" అనలే, "ఇస్త" అనలే. స్కానింగ్‌కు రమ్మంటే పిల్లకు జెరమన్నది. మళ్ల పిలిస్తే దసరా కానీ అన్నది. ఇంకోసారి ఆమెకే దగ్గు. దవాఖానోళ్లు ఎదురు చూసిండ్రు. అత్తమ్మ ఎదురు చూసింది. అక్క ఇస్తదని ఒక్కసారి అందరం అనుకున్నంక ఇంకొకల రక్తం చూడాల్నన్న ఆలోచన ఎవ్వరికి రాలే. నాకు వచ్చింది. నోరు మూసుకున్న. అత్తమ్మది చూడుండ్రి అంటే, సుజాతది ఎందుకు కాదని అడుగుతరు గదా.

శీను ఒక్కనాడు గూడ అక్కను అడగలే. నన్నొకసారి డయాలసిస్ కాడ చెయ్యి పట్టుకొని, "బావా, అక్క భయపడ్తే జబర్దస్తీ చెయ్యకు. భయం ఎవరికుండది?" అన్నడు. తల ఊపిన.

ఎండకాలం రాకముందే ఒంట్ల చీము పట్టి పోయిండు.

అత్తమ్మ మా ఇంటికి వచ్చుడు బంద్ చేసింది. బిడ్డతోటి మాట లేదు. సుజాత సగమైంది. అన్నం ముందల పెట్టుకొని గట్లనే చూస్తుండె. నేను పక్కన కూసోని "నీ తప్పేం లేదు" అంటుంటి. ఆ మాట ఒక్కటే నేను నిజంగ చెప్పిన మాట. అది నిజమని ఆమెకెట్ల తెలుస్తది?

రెండేండ్లకు అసలు సంగతి జరిగింది. సుజాతకు కడుపుల నొప్పి లేస్తే స్కానింగ్ తీసిండ్రు. డాక్టరమ్మ ఫిలిమ్ చూసి, "నీకు పుట్టుకనుంచి ఒక కిడ్నీ చిన్నగుంది, పనిచేస్తలేదు. ఒక్కదాని మీదనే బతుకుతున్నవ్. ఫికర్ లేదు, పైలంగ ఉండు" అన్నది.

సుజాత నా దిక్కు తిరిగింది. ఆమె కండ్లు గట్ల నేను ఎన్నడు చూడలే. "రెండు దీపాలు" అన్నది. "రెండు దీపాలల్ల ఒకటి. అవ్వ చెప్పింది పిల్లల గురించి కాదు!"

పొద్దుగూకేసరికి సైదాబాద్ దాక తెలిసింది. అత్తమ్మ ఆటోల వచ్చింది. గడపల్నే బిడ్డను కావలించుకొని, "నువ్వు గూడ పోతుంటివి గదనే నా తల్లీ" అని ఏడ్చింది. పురానాపూల్ దిక్కు తిరిగి దండం పెట్టింది. తల్లీబిడ్డలు మళ్ల కలిసిండ్రు. గల్లీ అంత అవ్వ మహిమే చెప్పుకున్నది.

నేను వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ. నా లెక్క వేరే. ఆ స్కానింగ్ అప్పుడే తీస్తె వారంల తెలిసిపోతుండె. సుజాతది పనికిరాదని డాక్టరే చెప్తుండె. అత్తమ్మది చూస్తుండిరి. ఆమెది కాకపోతే పెదనాయన కొడుకులు ఉండిరి, ఎవరో ఒకరు ఉండిరి. శీనుకు దొరకాల్సిన నెలలన్ని నేను తిన్న. సుజాతకు ఎట్లైన ఆపరేషన్ చెయ్యకపోదురు. నేను దేనికి భయపడ్డనో అది జరిగేదే కాదు.

అప్పటి సంది నన్ను ఇంకొకటి గూడ గెలుకుతుంది. అవ్వకు నిజంగ ఏమన్న కనబడిందా?

మా డిపోల బండి గేట్ల వస్తుండంగనే సప్పుడు ఇని బేరింగ్ పోయిందని చెప్త. కొత్త డ్రైవర్లు నోరు తెరుస్తరు. నాకు మహిమ లేదు, చెవులున్నయి. అవ్వది గూడ గంతేనా? సుజాత మొకంల, కాళ్ల వాపుల, నడకల ఏమన్న చూసిందా? లేకుంటె నా దీపాల మాటనే పట్టుకొని, నాకు దొరకకుండ జెర తిప్పి చెప్పిందా? మనమే తర్వాత దాన్ని కిడ్నీలకు అతికించుకున్నమా? చిన్న బిడ్డకు ఏమన్న అయితే గప్పుడు గూడ "అవ్వ చెప్పింది" అందుము. ఏమి కాకపోతే మరిచిపోదుము. గట్ల అనుకొని నిమ్మళమైత. మళ్ల యాదికొస్తది: గింజలు జరిపే ఏలు ఆగుడు. అప్పుడు ఆమె మొకంల వచ్చిన మబ్బు. నాటకమైతే మస్తు మంచి నాటకం. కాకపోతే ఏంది?

సెలవు దినాలల్ల పురానాపూల్ పోయి, దూరంగ చాయ్ తాక్కుంట ఆమె తానికి వచ్చెటోళ్లను చూసిన. బయటికొచ్చినోళ్లతోటి మాట కలిపిన. చానమందికి తప్పు చెప్పింది. వాళ్లకు గది తప్పనిపిస్తలేదు. ఒకామెకు మాత్రం, చచ్చిపోయిన కొడుకు ముద్దుపేరు చెప్పిందంట. ఎట్లనో ఆమెకు తెల్వదు, నాకు తెల్వదు.

కడకు సీదా పోయి అడిగిన. అప్పటికి అవ్వకు కండ్లు మసకలైనయి. గుర్తు చేసిన, అంత చెప్పిన. "గా దినం చూసి చెప్పినవా అవ్వా, నేను చెప్పిన్నని చెప్పినవా?"

"యాదికి లేదు కొడుకా" అన్నది. "నోట్లకెళ్లి వచ్చింది వచ్చినట్లే పోతది." మళ్ల తనే అడిగింది, "చూసి చెప్పిన్నంటె నీకు ఏమైతది?"

నేను లేచి వచ్చిన. ఆమె అడిగింది నిజమే. దేవుడు ఆమె నోట్ల పలికిండంటె, నేను ముందు పోయి చెప్పింది లెక్కల రాదు, ఎట్లైన గదే చెప్తుండె. గది ఇందామనే మళ్ల పోయిన.

మొన్న మా పక్కింటి పద్మ వచ్చింది. వాళ్ల నాయినకు గుండె ఆపరేషన్ చెప్పిండ్రంట. సుజాత చాయ్ పోసుకుంట దీపాల కథ మొదలువెట్టింది. అవ్వ పోయింది గని, ఆమె బిడ్డ గిప్పుడు గదే చాటతోటి చెప్తది, పోయి అడుగు అన్నది. పద్మ నా దిక్కు చూసింది. "నిజంగ గట్లనే చెప్పిందా అన్నా?"

సుజాత నవ్వుకుంట నన్ను చూస్తుంది. ఆ కథ మీదనే ఆమె లేచి నిలబడ్డది, తల్లి దొరికింది.

"చెప్పింది" అన్న. "కని ఆపరేషన్ ఆపకుండ్రి పద్మా. అడిగితె అడుగుండ్రి, డాక్టర్ చెప్పిన తారీఖు మాత్రం వెనకకు జరపకుండ్రి."

ఎందుకన్నా అని అడిగింది. ఊరికెనే అన్న.

ఆమె పోయినంక ఈ కాగితాలు ముందలేసుకున్న. అవ్వకు కనబడిందో లేదో నాకు చచ్చెదాక తెల్వదు. తెలుసుకోవాలని మాత్రం పోదు. నాకు తెలిసింది ఒక్కటే. సుజాత కంటె ముందు నేను పోయిన. ఇయ్యొద్దని చెప్పు అన్న. ఆమెకు ఇష్టం లేదని అబద్ధమాడిన. అత్తమ్మ రక్తం చూడుండ్రని నోటి దాక వచ్చిన మాటను మింగిన. శీను నా చెయ్యి పట్టుకున్నప్పుడు గూడ మింగిన.

మాఫీ అడుగుతలేను. అడగాల్సినోడు లేడు, ఉన్నోళ్లను అడిగే ధైర్యం లేదు. సుజాత లోపల్నుంచి అన్నం తినరాండ్రి అని పిలుస్తుంది. ఈ ఒక్క ముక్క రాసి పోత: గా పని చేసింది నేను.