చాకులో రెండు వెలుగు గీతలు

అనకాపల్లి బెల్లం మార్కెట్ గేటు పక్కన ఇసాక్ కొట్టు చూస్తే, గొడుగులు బాగుచేసేవాడు ఇసాకో, గొడుగులతో పాటు మరమ్మతుకొచ్చినవాడు ఇసాకో తేల్చడం కష్టం. తాళాలు, గొడుగులు, చాకులు అన్నీ చేస్తాడు. చేస్తూ చేస్తూ ఎటో వెళ్ళిపోతాడు. మనిషి స్టూలు మీదే ఉంటాడు, కళ్ళు మాత్రం ఎండలో కరుగుతుంటాయి. భార్య అమీనాబీ టీ గ్లాసు చేతికిచ్చి, వేళ్ళు తనే మూసి మరీ వెళ్తుంది.

షావుకార్ల జేబుల్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా దిగుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం బంగారయ్య వచ్చాడు. మార్కెట్లో దిమ్మ కోసేది ఆయనే. వేలంపాట మొదలయ్యే ముందు ఎడమచేత్తో బెల్లం దిమ్మ పట్టుకుని, కుడిచేత్తో మడతచాకు విప్పి, ఒక పలుకు కోసి అందరికీ ఎండలో చూపించాలి. పలుకు నున్నగా వస్తే సరే. పొడిపొడిగా రాలితే బెల్లం బాగోలేదంటారు, రైతు ముఖం వాడిపోతుంది.

"రాలిపోతంది భాయ్," అన్నాడు చాకు ముందుపెట్టి. "రైతులు తాతబ్బాయిని కొయ్యమంటన్నారు. రేపు కూడా రాలిపోతే ఇంక నన్ను పిలవరు."

తాతబ్బాయి కొత్త చాకు కొనుక్కుని, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా దిమ్మల చుట్టూ తిరుగుతున్నాడు.

ఇసాక్ చాకు మడిచి, ఎండకెత్తి, ఒక కన్ను మూశాడు. బ్లేడు పిడిలో ఒక పక్కకి ఒరిగిపోయింది. అటు వెలుగే లేదు, ఇటు సందులోంచి ధారగా వస్తోంది. మడిచినప్పుడల్లా పదును పిడికి రాసుకుని అరిగిపోతోంది.

"రేపు పాటకి ముందు వచ్చి పట్టికెళ్ళు బావ," అన్నాడు.

రివిట్ ఊడదీశాడు. గట్టిపడిన బెల్లం గీకాడు. పల్చటి ఇత్తడి రేకుతో వాషరు కోసి, ఒరిగిన పక్కన పెట్టి, రివిట్ మళ్ళీ బిగించి, పదును పెట్టాడు. ఎండకెత్తి చూశాడు. అటొక వెలుగు గీత, ఇటొక వెలుగు గీత, సరిసమానంగా. ఆ రెండింటి మధ్య సన్నటి దారేదో ఉన్నట్టు, ఇసాక్ అందులో చాలా దూరం నడిచి వెళ్ళిపోయాడు.

అమీనాబీ వచ్చి భుజం కదిపింది. "ఏటండీ, చాకులోకి దూరిపోయేరేటి? అన్నం సల్లారిపోతంది."

"సూడు అమీనా. పాపిడి తీసినట్టు లేదూ?"

"నా పాపిడి ఎప్పుడైనా ఇంతసేపు సూసేరా?"

మర్నాడు చాకు పట్టుకెళ్ళిన బంగారయ్య, పాట దగ్గర దిమ్మ ఎత్తిపట్టి, చాకు విప్పడానికి బొటనవేలు వేశాడు. జారింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది. ఎప్పుడో చెరుకు గానుగలో పడి ఆ వేలికి గోరు పోయింది. అప్పట్నించీ వెడల్పు సందులోకి వేలి కండ దూర్చి విప్పుతున్నాడు. ఆ సంగతి వేలికే తెలుసు, బంగారయ్యకి తెలీదు.

జనం చూస్తున్నారు. తాతబ్బాయి గొంతు సవరించుకుని, "నన్ను కొయ్యమంతావా మావా?" అన్నాడు.

బంగారయ్య దిమ్మని చంటిపిల్లలా చంకనేసుకుని గేటు దగ్గరికి పరుగెత్తాడు. "సమానంగా సేసి నన్ను సంపేసేవు భాయ్. ఇప్పుకోడం లేదు."

ఇసాక్ ఎండకెత్తి చూశాడు. "బాగానే ఉంది కద బావ."

"ఎండకి బాగుంది. నా ఏలికి బాగోనేదు."

ఇసాక్ చాకు దించాడు. బంగారయ్య చెయ్యి పట్టుకుని, ఒక కన్ను మూసి, గోరులేని ఆ వేలిని చూశాడు. రివిట్ ఊడదీసి, వాషరుని రాయి మీద రుద్ది సగం చేసి, మళ్ళీ పెట్టాడు.

"ఏలు పెట్టు. ఇప్పు."

తెరుచుకోలేదు. ఇంకాస్త రుద్దాడు. ఈసారి టక్కున తెరుచుకుంది. మడిచి చూస్తే బ్లేడు ఒరిగే ఉంది గానీ, పిడికి తగలడం లేదు. అటు వెంట్రుకంత వెలుగు, ఇటు గడ్డిపోచంత. ఇసాక్ నిట్టూర్చాడు, వంకర పాపిడి తీసిన బిడ్డని బడికి పంపుతున్నట్టు.

"పట్టికెళ్ళిపో, నాకు సూపించకు," అన్నాడు. అని తనే వెనకాల నడిచాడు.

బంగారయ్య చాకు విప్పి కోశాడు. పలుకు రాలలేదు. వేళ్ళ మధ్య ఎత్తిపట్టగానే లోపల తేనెరంగు ఎండ వెలిగింది. తాతబ్బాయి తన కొత్త చాకు జేబులో వేసుకున్నాడు. పాట మొదలైంది. గుంపు వెనక సుత్తి పట్టుకుని ఒక కన్ను మూసుకున్న ఇసాక్, ఆ పలుకులోకి వెళ్ళిపోయాడు.

టీ తెచ్చిన అమీనాబీ ఖాళీ స్టూలు చూసి, గ్లాసు ఎవరి వేళ్ళలో పెట్టాలో తెలియక, కూర్చుని తనే తాగేసింది.