కల్లంలో చదివిన వ్యాసం

అందరూ మెచ్చుకున్న రాత మీది కాదని మీకొక్కరికే తెలిస్తే, మీరేం చేస్తారు?

నా చిన్నప్పుడు, అద్దంకి దగ్గర మా ఊరి బడిలో, ఆ ప్రశ్న నాకు ఎదురైంది. ‘మా ఊరి పంట’ అనే వ్యాసాన్ని గైడులోంచి ఎత్తి రాశాను. తెలుగు మాస్టారు నమ్మి, మర్నాడు బడి వార్షికోత్సవంలో వేదిక మీద చదవమన్నారు. ఆ గైడు మా ఊళ్లో ఇంకెందరి ఇళ్లలో ఉందో నాకు తెలుసు. ఆ పూట అన్నం సహించలేదు.

మధ్యాహ్నం మిరప కల్లానికి వెళ్లాను. ఎండిన కాయల రాశి చుట్టూ కూర్చుని మా మేనత్త, మరో నలుగురు ఆడవాళ్లు తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. అత్తకు చదువు రాదు.

“ఏందే, మొహం అట్టా పెట్టావు? రేపు చదివేదేదో ఇక్కడ చదువు, మేమూ వింటాం.”

చదివాను. పుడమితల్లి ఒడిలో పగడాల రాశులు, రైతన్న మోమున చిరునవ్వులు. ఎవరి చేతులూ ఆగలేదు. ఒకామె తుమ్మింది.

“ఎవరి కల్లమే అది? ఘాటే లేదు,” అంది అత్త. అందరూ నవ్వారు.

ఏడుపొచ్చి నిజం చెప్పేశాను. అత్త తిట్టలేదు. “సరేలే. నువ్వు చూసిందేదన్నా చెప్పు,” అంది.

కాయ కోసి వచ్చిన అమ్మ చేతులు మజ్జిగతో కడుక్కున్నా మంట తగ్గేది కాదని, తమ్ముడి కళ్లకు తగులుతుందన్న భయంతో వాణ్ణి మోచేతులతోనే దగ్గరకు తీసుకునేదని చెప్పాను. రాశి మీద చేతులన్నీ ఆగిపోయాయి.

“పోయి అది రాసుకో. గైడు సంగతి మాత్రం మీ మాస్టారికి నువ్వే చెప్పాలి,” అంది అత్త.

తెల్లవారగానే చెప్పాను. మాస్టారు నేను రాత్రి రాసిన కొత్త కాగితం అందుకుని రెండుసార్లు చదివారు. “ఇదే చదువమ్మా,” అన్నారు. వేదిక ఎక్కబోతుంటే నాకు విపరీతంగా ఆకలి వేసింది.

ఇప్పుడు పుస్తకాలు రాస్తున్నాను, కళాశాలల్లో కథారచన నేర్పుతున్నాను. రచన మంచిచెడ్డలు తేల్చే అర్హత చదువుకున్నవారికే ఉందన్న వాదాన్ని మాత్రం ఆనాటి నుంచి నేను ఒప్పుకోలేదు. నా విద్యార్థులను అడిగేదే మిమ్మల్నీ అడుగుతున్నాను: మీ రాతను అచ్చుకు పంపేముందు, అది ఎవరి గురించో వారికే చదివి వినిపించండి. “ఇది మేము కాదు” అని వారంటే, మళ్లీ రాయండి.