బాల యేసులను ఎత్తుకుపోయే తియా సిపింగ్

తియా సిపింగ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. డిసెంబరు ఇరవై నాలుగో తారీఖు పొద్దుగూకితే తప్ప యేసు పుట్టాడంటే ఒప్పుకోదు. మరో దేశంలో అయితే ఇది జబ్బు కిందికి రాకపోవచ్చు. కానీ శాన్ ఎలియాస్‌లో సెప్టెంబరు మొదటి తారీఖు తెల్లారేసరికి మందుల షాపులో క్రిస్మస్ పాటలు మోగుతాయి, బేకరీ అద్దం వెనక దూది మంచు కురుస్తుంది, ఇంటింటి వరండాలోనూ బెలెన్ వెలుస్తుంది. బెలెన్ అంటే బేత్లెహేము పశువుల పాక బొమ్మలకొలువు. ఆవు, గాడిద, గొర్రెలు, మరియ తల్లి, యోసేపు, మధ్యలో గడ్డి తొట్టి, అందులో చేతులు చాపుకుని బాల యేసు. తియా సిపింగ్ బుట్ట పట్టుకొచ్చి ఆ బాల యేసును ఎత్తుకుపోతుంది.

దీన్ని దొంగతనం అనడానికి లేదు. తలుపు కొట్టి, సిలువ గుర్తు వేసుకుని, ఇంటివాళ్ల కళ్లెదుటే తొట్టిలోంచి తీసి తువ్వాల్లో చుట్టుకుంటుంది. అడ్డం చెప్పేవాళ్లు లేరు. తియా అంటే అత్త, ఊరందరికీ ఆవిడ అత్తే. ఊళ్లో నలభై ఏళ్లు దాటిన ప్రతివాడికీ చిన్నప్పుడు ఆదివారం బడిలో జపాలు నేర్పి, రానివాళ్ల చెవులు మెలిపెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ చెయ్యి లేస్తే ఇప్పటికీ మంగలి పోంగ్ తన చెవిని తానే పట్టుకుంటాడు.

"మరియమ్మ ఇంకా నజరేతులోనే ఉంది. ఆవిడింకా గాడిదైనా ఎక్కలేదు, మీరప్పుడే బిడ్డకి స్నానం చేయించేస్తున్నారు," అంటుంది.

"తియా, ఒక్క బొమ్మే కదా."

"ఆగమన కాలం అంటే ఎదురుచూసే కాలంరా. బిడ్డ తొట్టిలో ఉంటే ఇంక దేనికి ఎదురుచూడ్డం? బస్సుకా?"

బాల యేసును చూడ్డానికి వచ్చే ముగ్గురు రాజుల విషయంలో మరీ చాదస్తం. వాళ్లు తూర్పు దిక్కునుంచి రావాలి కాబట్టి వాళ్లను చర్చి బెలెన్‌లోంచి తీసి, తూర్పున ఉన్న సిగరెట్ల బంకు మీద నిలబెడుతుంది. వారానికి కాస్త చొప్పున ముందుకు జరుపుతుంది. ఒక యేడు బల్తజారును కుక్క నోట కరుచుకుని పోయింది. రాజు మూడు రోజుల తర్వాత తల లేకుండా దొరికాడు. "ప్రయాణాలన్నాక ఇబ్బందులుంటాయి," అని తలకు కొవ్వొత్తి మైనం అతికించి మళ్లీ దారిలో పెట్టింది.

పిల్లలు ఆవిణ్ని, పసిబిడ్డల్ని చంపించిన హేరోదు రాజు పేరు మీద, హేరోదమ్మ అని పిలుస్తారు. పెద్దలు పైకి అనరు గాని వాళ్ల మనసులోనూ అదే పేరు. పట్టుకుపోయిన బిడ్డల్ని ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం ఎవరి బిడ్డను వాళ్లకు కడిగి, తుడిచి అప్పగిస్తుంది. పైగా యేడాదికి ఒక వైపే పోతుంది. ఒక యేడు వడ్రంగుల సందు, ఒక యేడు బస్టాండు పక్క. ఊరంతా తిరగడానికి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవనీ, అందుకే వంతులు వేసుకుందనీ అందరూ తీర్మానించేశారు. ఈ యేడు వంతు చర్చి వీధికి పడింది. "నన్ను సాధించడానికే," అంది ఆ వీధిలోనే ఉండే కపితానా యూఫ్రోసినా. ఆవిడ ఆ పేటకు ఎన్నికైన పెద్ద. ఊళ్లో ఏ కుక్క మొరిగినా తననే అనుకునే రకం.

తియా సిపింగ్ పక్కింటి నెరిస్సాకు మాత్రం ఈ గొడవలేవీ పట్టలేదు. ఆ యేడు ఆమెకు ఊరే పట్టలేదు. జూన్‌లో ఆమెకు ఏడో నెలలో బిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయాడు. ఆ తర్వాత ఓదార్చేవాళ్లు బారులు తీరారు. అంతమంది అన్ని కేకులు తెచ్చారు కాబట్టి ఈగలకు మాత్రం లోటు లేకపోయింది. "దేవుడికి మొగ్గలంటే ఇష్టం, అందుకే తుంచుకుపోయాడు," అని బేకరీ ఆవిడ చెప్పింది. మొగ్గలు తుంచే తోటమాలిని ఎవరైనా పనిలో ఉంచుకుంటారా అని నెరిస్సా అడగలేదు. అడగనందుకు తర్వాత చాలా రోజులు తన మీద తనకే కోపం వచ్చింది. కపితానా అయితే "చిన్నదానివి, మళ్లీ కంటావు," అని, పోయిన పళ్లెం స్థానంలో మరో పళ్లెం కొనుక్కోమన్నట్టు భుజం తట్టి వెళ్లింది. పక్కింటి తియా సిపింగ్ ఒక్కతే గుమ్మం తొక్కలేదు. చిన్నప్పుడు తనకు పాడటం నేర్పిన మనిషి, గోడ అవతలే ఉండి, ఒక్క మాట మాట్లాడలేదు. అన్నిటికన్నా అది ఎక్కువ కాల్చింది.

చర్చి గాయక బృందానికి నెరిస్సాయే నాయకురాలు. జూన్ నుంచి వెళ్లడం లేదు. డిసెంబరు పదహారున తెల్లవారుజాము పూజలు మొదలవుతాయి. ఆ తొమ్మిది రోజులూ ఊరు ఊరంతా చీకట్లో లేచి పూజకు పోయి, బయటికొచ్చి అరిటాకు మీద వేడి బిబింకా, అంటే బియ్యప్పిండి రొట్టె, తింటుంది. ఆ పూజల్లో పాడటమే ఆమెకు ఈ భూమ్మీద మిగిలిన సుఖం. ఫాదర్ గౌడెన్సియో మంచివాడు, అంటే నిర్ణయం తీసుకోలేనివాడు. "పదహారు నాటికి వస్తే సరే అమ్మా, లేకపోతే కపితానా గారి మేనకోడలు పాడతానంటోంది," అని నేల చూస్తూ చెప్పాడు. ఆ మేనకోడలు పాడితే చర్చి పావురాలు ఏటి అవతలికి పోతాయి. వెళ్లాలనే ఉంది నెరిస్సాకు. వెళ్లాలంటే ఆ వీధి నడవాలి. అడుగుకొక తొట్టి, తొట్టికొక బిడ్డ. అందుకే సెప్టెంబరు నుంచి చేపలకు పోయినా, సబ్బుకు పోయినా తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటూ పోయి వస్తోంది.

ఇంతలో బెలెన్‌ల పోటీ వచ్చింది. పదహారు పొద్దున బిషప్పు గారి మనుషులు వచ్చి పేటపేటకీ తిరిగి చూస్తారు. గెలిచినవాళ్లకు మైకుల సెట్టు. కపితానా వెదురుతో మనిషెత్తు పాక కట్టించి, నిజం గొర్రెను కట్టేసి, దేవదూతకు రంగుల బల్బులు బిగించింది. తీరా చూస్తే తొట్టి ఖాళీ. ఆవిడ తాతలనాటి దంతపు బాల యేసు తియా సిపింగ్ బుట్టలో ఏనాడో వెళ్లిపోయాడు.

"బిడ్డ లేకుండా బెలెన్ ఏంటే? పెళ్లికొడుకు లేని పెళ్లిలాగ," అంది కపితానా, నెరిస్సా ఇంటికొచ్చి. "నువ్వు పక్కింటిదానివి. ఆవిడ మధ్యాహ్నం చర్చిలో కొవ్వొత్తి స్టాండ్లు తోముతుంది. వెళ్లి మా బిడ్డని పట్టుకురా."

"నేనే ఎందుకు?"

"మిగతావాళ్లందరికీ ఆవిడ చెవి మెలిపెట్టింది. నీకొక్కదానికీ పాట నేర్పింది."

బిడ్డను పట్టుకురమ్మని తనను అడిగే మనిషికి కళ్లు లేవో, సిగ్గు లేదో నెరిస్సాకు తేలలేదు. అయినా వెళ్లింది. కపితానా మీద కసి ఒక ఎత్తు, గోడ అవతలి మనిషి మీద కసి ఇంకో ఎత్తు. ఆ రెండో కసే ఆమెను నడిపించింది.

వెనక తలుపు గడియ తీసి లోపలికి పోయేసరికి మంచం మీద దోమతెర దించి ఉంది. తెర ఎత్తి చూస్తే మంచం నిండా బాల యేసులు. వరసగా పడుకోబెట్టి, నడుముల దాకా దుప్పటి కప్పి ఉంది. ముసలావిడ పడుకునేది కింద చాప మీద అని ఆ చాపే చెబుతోంది. నెరిస్సాకు నవ్వొచ్చింది. జూన్ తర్వాత అదే మొదటిసారి, అందుకే గొంతులో అడ్డం పడి దగ్గొచ్చింది.

దంతపు బిడ్డను వెతుకుతూ ఒక్కొక్కళ్లనే చూసింది. బంగారు రంగు జుట్టువాడు బేకరీ వాళ్లవాడు. ముక్కు విరిగినవాడు మందుల షాపువాడు. నీలం కళ్లు మూసి తెరిచేది అసలు మగపిల్లాడే కాదు, మంగలి పోంగ్ వాళ్లమ్మాయి ఆడుకునే బొమ్మ. ఈ సబ్బు ముక్కలో చెక్కినవాడు ట్రైసికిళ్ల స్టాండులో ఉండేవాడు. తన భర్త బండి పెట్టుకునే చోటు. వీడు చేపల బజారులో ఐసు అమ్మేవాడి కొట్టులోవాడు. చేపల బజారు చర్చి వీధిలో లేదే అనుకుంది. వీడు ఆస్పత్రి వరండాలోవాడు. ఆస్పత్రి కూడా ఆ వీధిలో లేదు.

నెరిస్సా దోమతెర పట్టుకుని అలాగే నిలబడింది. తన ఇంటికి ఇవతల ఉన్నవాళ్లంతా ఇక్కడున్నారు. అవతల రెండిళ్లవాళ్ల బిడ్డలు మాత్రం ఇక్కడ లేరు, ఆ వైపు తను ఎన్నడూ పోదు. మంచం మీద ఉన్నది చర్చి వీధి కాదు. తను నడిచే దారి. తల ఎత్తి ఉంటే ఎప్పుడో తెలిసేది. వడ్రంగుల సందు వంతు వచ్చిన యేడు వడ్రంగి భార్య లూమెన్ కవలలు పోయారు. బస్టాండు పక్క వంతు వచ్చిన యేడు అక్కడి టికెట్ల పిల్లకు కడుపు పోయింది. ఊరంతా మోకాళ్ల నొప్పి అనుకుంది.

"కపితానా వాళ్లవాడు ఆ చివర," అంది వెనకనుంచి తియా సిపింగ్. చేతినిండా తోమిన మసి. "ముఖమల్ బట్టల్లో ఉక్కపోస్తోందని విప్పేశాను. జలుబు చేస్తుందేమో చూసి తొడుగు."

"నామీద జాలి పడమని మిమ్మల్నెవరు అడిగారు?" అంది నెరిస్సా. అనుకున్నదొకటి, నోట్లోంచి వచ్చింది ఇది.

"జాలి పడ్డవాళ్లు కేకులు తెచ్చారు. నేనేం తెచ్చాను? పట్టుకుపోయాను."

"గోడ అవతలే ఉండి ఒక్క మాటైనా అనలేదు."

"ఏమనాలో తెలీలేదు. తెలీనప్పుడు నోరు మూసుకోవాలని ఈ ఊళ్లో అందరికీ చెవులు మెలిపెట్టి మరీ నేర్పాను. నీకు తప్ప ఎవరికీ వంటబట్టలేదు." ఆవిడ చాప మీద మెల్లగా కూలబడి మోకాలు రుద్దుకుంది. "తొట్టి ఖాళీగా ఉంచాలన్నది నేను పెట్టింది కాదు పిల్లా, పెద్దలు ఎప్పుడో పెట్టిన పద్ధతి. ఎందుకు పెట్టారో ఎవడూ ఆలోచించడు. ఇంట్లో తొట్టి ఖాళీగా ఉన్నవాళ్లు కూడా గుడి దాకా నడిచి రాగలగాలి కదా."

"అలా అని ఏ పుస్తకంలో ఉంది?"

"ఎందులోనూ లేదు. నేను చెబుతున్నాను."

నెరిస్సా ఏడ్చింది. తియా సిపింగ్ ఊరుకోమనలేదు, వీపు నిమరలేదు, దేవుడి పేరెత్తలేదు. మసి చేతులు తుడుచుకునే తువ్వాలు ఇచ్చింది. దాంతో ముఖం తుడుచుకుని నెరిస్సా బాగా నల్లబడింది.

"ఇరవై నాలుగు రాత్రి మటుకు వాడు పుట్టక తప్పదు. ఆ రోజు బిడ్డల్ని ఇచ్చెయ్యాలి. నీకు రావాలని లేకపోతే రావద్దు. దేవుడేమీ అనుకోడు. అనుకుంటే నేను మాట్లాడతాను," అంది తియా సిపింగ్. "ఇంతకీ ఆ దంతపువాణ్ని పట్టుకుపోతావా? మైకులు పోతాయట కదా."

"పోనివ్వండి," అంది నెరిస్సా, దోమతెర దించుతూ.

మైకులు పోయాయి. కపితానాతో "ఎంత వెతికినా కనబడలేదు" అని నెరిస్సా నల్లటి ముఖంతో చెప్పింది. ఆ ముఖం చూసి పొయ్యిలో కూడా వెతికిందేమోనని కపితానా నమ్మింది. బిషప్పు గారి మనుషులు వచ్చి ఖాళీ తొట్టి చూసి, నిజం గొర్రెతో పొడిపించుకుని వెళ్లిపోయారు. బహుమతి పక్క పేటకు వెళ్లింది. అక్కడ బాల యేసు కరెంటు ఉయ్యాల్లో ఊగుతున్నాడట.

నెరిస్సా మాత్రం పదహారు తెల్లవారుజామున తల ఎత్తుకుని ఆ వీధి నడిచింది. వెదురు నక్షత్రాల దీపాల కింద రెండువైపులా మరియ తల్లులు ఖాళీ తొట్ల వంక చూస్తూ కూర్చున్నారు. వాళ్లు ఆమెకు మొదటిసారి తన మనుషుల్లా అనిపించారు. ఆ రోజు పాడింది. అంత బాగా ఏమీ పాడలేదు, మధ్యలో రెండుచోట్ల గొంతు పోయింది. పావురాలు మాత్రం కదల్లేదు. ఇరవై నాలుగు రాత్రి పూజకు వెళ్లలేదు. తియా సిపింగ్ కూడా వెళ్లలేదు. బిడ్డలందర్నీ అప్పగించి వచ్చి, చాలా రోజుల తర్వాత తన మంచం మీద తాను పడుకుని, గోడ అవతలికి వినబడేలా గురక పెట్టింది.

మరుసటి యేడుకు తియా సిపింగ్ మోకాళ్లు నిజంగానే మొండికేశాయి. సెప్టెంబరులో ఒక పొద్దున నెరిస్సా బట్టలుతికే పెద్ద తొట్టి ఒకటి నడుముకు ఆనించుకుని వంతెన వైపు బయల్దేరింది. కపితానా వరండాలోంచి చూసింది. మైకుల సంగతి మొదలు ఇద్దరికీ మాటల్లేవు.

"సిపింగ్‌కైతే వయసు మీద పడింది. నీకేమొచ్చిందే రోగం?" అంది. "ఈ యేడు వంతు ఎవరికి?"

"ఏటి అవతల, చాపలల్లేవాళ్ల వీధికి."

కపితానా నెరిస్సా నడుముకు ఆనిన ఖాళీ తొట్టి వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరింట్లో?" అని అడిగింది.

నెరిస్సా పేరు చెప్పింది. కపితానా చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

"ఆ వీధి మొదట్లో మా చెల్లెలిల్లుంది. అది పరమ పిసినారి, బిడ్డని కాదు గదా గడ్డిపరక కూడా ఇవ్వదు. నేనొచ్చి ఇప్పిస్తాను పద," అని తొట్టి రెండో చెవి పట్టుకుంది. వంతెన దాటేదాకా ఆవిడ నెరిస్సా నడకను, తొట్టి బరువును, పోయిన మైకులను తిడుతూనే ఉంది.